కప్పు మీద నుంచి తెలిసిన బంగళా

మా మేనత్త పోయిందన్న కబురు నాకు ఆఫీసులో అందింది. చిత్తూరులో కలెక్టరు దొర ఉండే బంగళాలోనే ఒక పక్క మా ఆఫీసు. ముప్పై ఏళ్లు ఆమె కారకుండా కాపాడిన కప్పు కూడా దానిదే. సెలవు చీటీలో బంధువు మరణం అని రాశాను. ఏ బంధువో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఐరాల ఊళ్లో మొగుడు పోయాక ఆమె మా నాయన దగ్గరికి వచ్చేసింది. పిల్లల్లేరు, నన్నే పెంచుకుంది. గచ్చు పనికి పోయేది. సున్నం, ఇసుకలో బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు కలిపి కప్పు మీద పరిచి, ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొడతారు. ఆ వరసకు మా అత్తే పెద్ద. ఎవరిదైనా దెబ్బ తప్పితే మోకాలి మీద ఒకటి వేసేది. "గచ్చు రాయి పలికినట్టు పలకాల. అంతకు ముందే సెయ్యి ఆపితే అది మోసమే" అనేది.

బంగళా ఎంతదో నేను ప్లాను కాగితం చూసి నేర్చుకోలేదు, ఆమె నోట విన్నాను. ఆమె కొలత అడుగుల్లో కాదు, ఆడవాళ్లలో. నడిమి హాలు ఇరవై మంది వెడల్పు. దానికి అటూ ఇటూ నాలుగేసి గదులు, ఒక్కోటి తొమ్మిది మంది. ముందు వరండా వెడల్పు అయిదుగురే గానీ పొడవుకు అంతు లేదు. వంటిల్లు వెనక విడిగా ఉంది. కింద దూలం ఎక్కడుందో దెబ్బ చప్పుడును బట్టి చెప్పేది. ఏటా వానల ముందు కప్పంతా కడిగి, నీళ్లు పోసి, అవి ఎక్కడ ఇంకుతున్నాయో కూర్చుని చూసేది. వెంట్రుకంత బీట కూడా ఆమె కన్ను దాటేది కాదు. ఈ ఏడు మాత్రం దగ్గుతో మంచం పట్టి కప్పు ఎక్కలేదు.

అంత తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కసారీ అడుగు పెట్టలేదు. పనివాళ్లకు వంటింటి వెనక ఇనుప మెట్లే దారి. పని మధ్యలో వాన పడితే గుర్రాల కొట్టంలో నిలబడాలి.

తెల్లదొర వెళ్లిపోయి మన దేశం మనిషే దొరగా వచ్చాడు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ అత్త అడిగింది.

"అల్లుడా, ఇప్పుడు మనోడే గదా వచ్చినాడు. ఆ హాలు ఒక్కతూరి సూపించు. నేను కొట్టిన కప్పు కింద నుంచి ఎట్లుంటాదో సూడాల."

"సూద్దాంలే అత్తా" అన్నాను.

పిచ్చిది, నమ్మింది. మరుసటి వారం ఉతికిన చీర కట్టుకుని, కాళ్లు కడుక్కుని హాలు వెనక తలుపు దగ్గర నిలబడింది. నేను హెడ్ గుమస్తాతో కలిసి ఫైళ్లు పట్టుకుని వస్తున్నాను.

"ఎవరామె?" అన్నాడాయన.

"గచ్చు పనామె" అన్నాను. ఆమెతో, "పైకి పో. ఈడ నిలబడకూడదు" అన్నాను.

ఆమె నన్నొకసారి చూసి, "పోతాండా సామీ" అంది.

ఆమె నా మేనత్తన్న గుట్టు ఆఫీసులో బయటపడకుండా కాపాడింది ఆ ఒక్క మాటే. ఇంట్లో ఆ సంగతి ఎత్తనే లేదు. ఎప్పటిలాగే ముందు నాకే పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. తెల్లవాళ్లను ఎంత తిట్టుకున్నా లాభం లేదు, ఆ తలుపు దగ్గర ఆమెను ఆపింది నేను.

ఆమె పోయిన తొమ్మిదో రోజు పొద్దున పెద్ద వాన. బంగళా బంట్రోతు తడుస్తూ మా వాకిట్లోకి వచ్చి, గుమ్మంలో ఉన్న నాయనను అడిగాడు.

"గచ్చామె ఇల్లు ఇదేనా? హాల్లో కారతా ఉండాది. దొర ఆమెను ముందు తలుపులో నుంచే తోడుకోని రమ్మన్నాడు. యాడ కారతాందో లోపలి నుంచి సూడాల గదా."

అప్పుడు నన్ను చూశాడు. "నువ్వీడుండావేంది సామీ?"



"వాని మేనత్తే అప్పా ఆమె. పోయి తొమ్మిది దినాలాయ" అన్నాడు నాయన. బంట్రోతు తలపాగా నుంచి నీళ్లు కారుతున్నాయి. నాయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"వానలో నిలబడినావే, లోపలికి రా."