బీరువా వెనుక కిటికీ

నేను ఖరగ్‌పూర్‌లో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. నా నోరు మంచిది కాదని పిల్లలు అనుకుంటారు, నిజమే. చెప్పిందానికల్లా తలూపే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గంగిరెద్దు తలూపాలన్నా సన్నాయి ఊదాలి, వీళ్ళకి అదీ అక్కర్లేదు.

అందుకే పోయిన వానాకాలంలో వాళ్ళకి ఒక పని పెట్టాను. ఈ రైల్వే ఊరికి ఎలా వచ్చారో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళు చెప్పిన దాంట్లో మీకు నమ్మకం కుదరని మాట ఒక్కటి పట్టుకుని, ఎందుకు నమ్మలేదో రాయండి అన్నాను. అందరూ తలూపారు.

ఆదివారం మధ్యాహ్నం ఆ కాగితాలు దిద్దడానికి కూర్చున్నాను. మొదటిది గోల్‌బజార్‌లో బట్టల కొట్టు వాళ్ళబ్బాయిది. వాళ్ళ నాయనమ్మ తెల్లచీర కట్టుకుని, కిటికీ దగ్గర కూర్చుని, వణికే చేతులు ఒళ్ళో పెట్టుకుని వాన చూస్తూ "రైళ్ళు వెళ్ళిపోతాయి, జ్ఞాపకాలు ప్లాట్‌ఫాం మీదే ఉండిపోతాయి" అంటుంది. బాగుందే అనుకున్నాను. తర్వాతది ఒక బెంగాలీ అమ్మాయిది. వాళ్ళ ఠాకుమా, అంటే నాయనమ్మ, ఆవిడ కూడా కిటికీ దగ్గరే కూర్చుంది, అదే వాన చూస్తోంది. ఆ తర్వాత బీహారీ కుర్రాడి దాదీ వచ్చింది. ఇంగ్లీషులో రాసినా బెంగాలీలో రాసినా ముసలావిడ ఒక్కతే. అవే వణికే చేతులు, అదే మాట. నమ్మలేని మాట మాత్రం ఎవరికీ దొరకలేదు.

అందరూ పెద్దవాళ్ళని వదిలేసి ఫోన్‌లో ఏఐనే అడిగి రాయించుకున్నారని తెలుస్తూనే ఉంది. నాకు కోపం వచ్చింది. కాసేపటికి కోపం పోయి భయం పట్టుకుంది. ఆ తెల్లచీర ముసలావిడ ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇంటి మనిషిని లేపి, ఆ చోట తాను కూర్చుంటున్నట్టు అనిపించింది. లేచి వెళ్ళి మా కిటికీ తలుపు వేసేశాను.

ఆ కట్టలో తాల్‌బగీచాలో మా వెనకింటి అమ్మాయి రాసింది కూడా ఉంది. కాలేజీలో నన్ను మేడమ్ అంటుంది, ఇంటి దగ్గర పిన్నీ అంటుంది. వాళ్ళ మామ్మ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. ముదురు రంగు నేతచీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, కుళాయి దగ్గర అందరితో తగువు పడేది. పెరటి గుమ్మంలో గొంతుక్కూర్చుని అడ్డపొగ తాగేది. అంటే, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. నిప్పు నోట్లో ఉండగానే మమ్మల్ని తిట్టేది. పాస్టరు గారు వస్తే మాత్రం ఠక్కున నోరు మూసుకునేది, పొగ ముక్కులోంచి వచ్చేది. అలాంటి మనిషిని ఈ పిల్ల తెల్లచీర కట్టి కిటికీ దగ్గర కూర్చోబెట్టింది.

మర్నాడు పిలిచి అడిగాను. "మీ మామ్మని అడిగినావా అసలు?"

"లేదు పిన్నీ. ఈ ఆదివారం అడిగి మళ్ళీ రాస్తాను" అంది తల దించుకుని.

ఆ ఆదివారం రాకముందే మామ్మ పోయింది.

పోయినవాళ్ళ ఇంటివారిని ఓదార్చడానికి చర్చి వాళ్ళు చేసే ఆదరణ కూడిక వాళ్ళింట్లోనే పెట్టారు. వాన పడుతున్న సాయంత్రం. పాట అయ్యాక, పోయినావిడ గురించి ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పారు. మా క్రైస్తవుల్లో సాక్ష్యానికి ఎదురు ప్రశ్న ఉండదు. ఎవరేం చెప్పినా ఆమెన్ అనాలి. అమ్మాయి లేచింది. చేతిలో ఫోన్ చూసుకుని, తనది కాని చదువుల తెలుగులో మొదలుపెట్టింది.

"మా మామ్మ తెల్లని చీరలో కిటికీ దగ్గర కూర్చుని వానను చూసేది."

అందరూ కళ్ళు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగారు. అక్కడ ఇనుప బీరువా ఉంది. ఆ కిటికీకి అడ్డంగా ఆ బీరువా నా చిన్నప్పటి నుంచీ ఉంది.

"అవునమ్మా, కిటికీ కాడే కూకుండేది మాయమ్మ" అని మామ్మ సొంత కూతురు బావురుమంది. "వాన సూస్తా ఉండేది."

ఆమెన్ అన్నారందరూ. ఏడాది పొడుగునా ప్రశ్నించండి అని పిల్లల మీద అరిచే నేను, వాళ్ళతోపాటు ఆమెన్ అన్నాను.

తర్వాత టీ ఇస్తుంటే అమ్మాయి నన్ను పెరటి వైపు తీసుకెళ్ళింది.

"పిన్నీ, ఆ కిటికీకి బీరువా అడ్డం కదా. మరి మామ్మ అక్కడెలాగ కూకుండేది?"

చావింట్లో సంతోషపడకూడదు గానీ, పడ్డాను. నేను అడిగించాలనుకున్న ప్రశ్న అదే.

"నువ్వే సెప్పు. ఎక్కడ కూకుండేది?"

"అదే పిన్నీ. ఎంత తలుసుకున్నా కిటికీ కాడే అవుపిస్తంది. తెల్లసీర, వణికే సేతులు. మొన్నటి దాకా నా పక్కలో పడుకున్న మనిషి ముఖం నాకు రావట్లేదు. నువ్వు సూసినావు కదా, సెప్పు."

"ఇక్కడ" అని గుమ్మం చూపించాను. అడ్డపొగ గురించి, కుళాయి తగువుల గురించి, పాస్టరు గారి ముందు ముక్కులోంచి వచ్చిన పొగ గురించి చెప్పాను. చెబుతూనే ఆ ముఖం కోసం గుమ్మం వైపు చూశాను. తెలిసినవన్నీ నోటికి వస్తున్నాయి, కంటికి ఒక్కటీ రావడం లేదు. లోపల బీరువా వెనుక నుంచి వాన చప్పుడు వినిపిస్తోంది. కళ్ళు మూసుకున్నాను. తెల్లచీర కనిపించింది.

అమ్మాయి నా ముఖంలోకి చూసింది.

"నీక్కూడానా పిన్నీ?" అంది.