నంబరు లేని డాక్టరప్ప

మా వైపు సంచీ తగిలించుకుని ఆవు పక్కన కూర్చున్న ప్రతివాడూ డాక్టరప్పే. అలా నేనూ ఇరవై ఏళ్ళుగా డాక్టరప్పనే. నిజానికి నేను పశువుల ఇన్‌స్పెక్టర్ని. టీకాలు వేస్తాను, పుండ్లు కడుగుతాను, చెవులకు బిళ్ళలు కొడతాను. పెద్ద చదువు చదివి, రాష్ట్ర పశువైద్య కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని, నంబరు తెచ్చుకున్నవాడే డాక్టరు. పెద్ద వైద్యం ఏదైనా ఆ నంబరున్న మనిషి చెబితేనే నేను చేయాలి. ఈ రూలు నాకు కంఠతా వచ్చు. అయినా జనం పిలుపును గట్టిగా దిద్దిన పాపాన పోలేదు. మొదట్లో రెండు మూడుసార్లు దిద్దాను. తర్వాత వినడానికి బాగుందనిపించి ఊరుకున్నాను.

తమిళనాడు, కర్ణాటక సరిహద్దులోని జవళగిరి అవతల, అడవి అంచు పల్లెలో ఒకామె ఉంది. ఒంటరి మనిషి, ఒకే ఒక్క సీమావు. సొసైటీకి పాలు పోసి రావడానికి తప్ప గడప దాటేది కాదు, ఆవు బెంగపెట్టుకుంటుందని. నేను వెళ్తే చాలు, "డాక్టరప్ప వచ్చినాడు, లేసి నిలబడమ్మా" అని ఆవుకు చెప్పేది. అది లేచేది కూడా. "నీ ఆవుకు తెలుగూ తమిళమూ వచ్చు, కన్నడమే కొంచెం తక్కువ" అని ఏడిపించేవాణ్ణి.

ఆ ఆవు మూడో ఈత ఈనిన మర్నాడు పొద్దున ఆమె ఫోను చేసింది. గుట్ట మీది బండ ఎక్కితేగానీ ఫోను పలకని ఊరు అది. ఆయాసపడుతూ మాట్లాడింది.

"డాక్టరప్పా, ఆవు లేయలేదప్పా. మెడ పక్కకు తిప్పుకొని పడుండాది. చెవులు సల్లగుండాయి. బిర్నా రాప్పా."

వినగానే తెలిసిపోయింది, పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్ళు మాత్రం చల్లబడుతుంది. ఒంట్లోని కాల్షియమంతా పాలకే పోయి ఈనిన ఆవు కూలబడుతుంది. కాల్షియం సీసా ఒకటి మెడ నరానికి నిదానంగా ఎక్కిస్తే కాసేపట్లో లేచి, పేడ వేసి, మేతకు మూతి చాస్తుంది. ఆలస్యమైతే చస్తుంది. డాక్టరు పక్కనుండగా ఎన్నోసార్లు నా చేతులతోనే ఎక్కించాను. ఆ రోజూ సీసా నా సంచిలో ఉంది.

కానీ అంతకుముందు ఏడాది వేరే ఊళ్ళో డాక్టరుకు చెప్పకుండా ఎక్కించాను. ఇంకో రెండు ఊళ్ళు తిరగాలన్న తొందర. మందు వడిగా పోయింది, గుండె ఆగి ఆవు నా చేతుల్లోనే చచ్చింది. విచారణ జరిగింది. డాక్టరు మాట లేకుండా ఇకపై నరానికి సూది పెట్టనని రాసి సంతకం చేశాను. ఆ రూలు తప్పని నేను ఇప్పటికీ అనను. నాలాంటి తొందర చేతుల కోసమే దాన్ని పెట్టారు.

ఆ రోజు మా డాక్టరు కృష్ణగిరిలో మీటింగులో ఉన్నారు. పల్లెకు వెళ్ళి ఆవును చూసి, బండ ఎక్కి రెండుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. పశువుల ఆంబులెన్సు ఇంకో ఊళ్ళో ఉంది, అయ్యాక వస్తామన్నారు. డాక్టరుకు మెసేజ్ పెట్టి కిందికి దిగాను.

"సూది ఏయవాప్పా?" అంది ఆమె.

"డాక్టరు చెప్పాలమ్మా."

"డాక్టరు నువ్వే గదప్పా?"

"కాదమ్మా. నేను డాక్టర్ని కాను, ఇన్‌స్పెక్టర్ని."

ఇన్నేళ్ళుగా చెప్పవలసిన మాట, చెప్పకూడని రోజున చెప్పాను. ఆమె కోప్పడలేదు. "మరి ఆ డాక్టరు యాడుండాడప్పా?" అని మాత్రం అడిగింది. వస్తారన్నాను.

గోనెపట్టాతో ఆవు ఒళ్ళంతా రుద్దాను. పక్కకు ఒరిగిపోకుండా గడ్డిమోపులు ఆనించాను. జవాబు వచ్చిందేమో మళ్ళీ బండ ఎక్కి చూడవలసింది. ఎక్కలేదు. ఆవును వదిలి ఎలా వెళ్ళడం అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అది అబద్ధం. డాక్టరు ఎక్కించమంటే ఎక్కించాలి కదా, ఇదీ నా చేతుల్లోనే పోతే ఎలాగన్న భయం నాది. రూలు వెనక దాక్కోవడం సుఖంగా ఉంది.

మధ్యాహ్నం దాటాక ఆవు తల వాల్చేసింది. ఆమె దాని చెవులు రెండూ అరచేతుల్లో పట్టుకుని వెచ్చ చేస్తూనే ఉంది. పోయిందని నేనే చెప్పవలసి వచ్చింది. చెప్పాక కూడా ఆమె చాలాసేపు చెవులు వదల్లేదు.

డాక్టరుకు కబురు చెబుదామని బండ ఎక్కాను. ఫోను మోగింది. మెసేజ్. 'నిదానంగా ఎక్కించు. గుండె వింటూ ఉండు. బాధ్యత నాది.' నేను దిగిన కొద్దిసేపటికే పంపారు. ఆ తర్వాత కూడా ఆవు మూడు గంటలు బతికింది. ఆ బండ మీదే కూలబడి ఏడ్చాను.

కొన్ని నెలల తర్వాత టీకాలు వేయడానికి ఆ పల్లెకు వెళ్ళాను. ఆమె ఆ ఆవు కన్న పెయ్యదూడను పట్టుకుని వరుసలో నిలబడి ఉంది. వెనకనున్న ఒకాయన నన్ను చూసి ఎత్తిపొడిచాడు.

"ఈయప్పే గదా, సీసా సంచిలో పెట్టుకొని ఆవు సచ్చేదాకా సూస్తా కూసున్నింది?"

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఆయప్పను అనొద్దప్పా. ఆయప్ప డాక్టరు కాదు, ఇనుస్పెట్రు. రూలు లేదు. ఉంటే ఏయకుండా ఉంటాడా?"

ఆ ఊళ్ళో నన్ను సరైన పేరుతో పిలిచిన మొదటి మనిషి ఆమే. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోనులో ఉంది. డాక్టరు ఎక్కించమన్నారని అప్పుడే చెప్పేయాలనుకున్నాను. దూడ చెవి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

"ఏయప్పా, ఇనుస్పెట్రప్పా" అంది ఆమె. తల దించుకుని టీకా వేశాను.