ఎండలోకి మోసుకొచ్చిన తెర

మొన్న కరీంనగర్‌లో కొత్త మానిటర్ కొనబోతే, గోడ పొడుగునా నిలబెట్టిన తెరలన్నిటిలోనూ ఒకటే చిలుక బొమ్మ కనిపించింది. చిలుక ఒకటే గాని ఒక తెరలో అది లేత మామిడాకు, పక్కదాంట్లో నాచు, ఆ పైదాంట్లో ఏ చెట్టుకూ లేని పచ్చదనం. వీటిలో అసలు రంగు ఏదని అడిగితే, అమ్మే అమ్మాయి అన్నిటికన్నా ఖరీదైనదాన్ని చూపించింది. ఆమె చోట నేనున్నా అదే చూపించేవాణ్ణి. పుట్టి పెరిగింది దుకాణంలో కనుక నోరు ఊరుకోక, ఒకసారి బయట ఎండలో పెట్టి చూపిస్తావా అని అడిగేశాను. ఆ అమ్మాయి నవ్వింది. మా బావ ఉంటే అంతకన్నా గట్టిగా నవ్వేవాడు, ఊరంతా చెప్పుకుని మరీ నవ్వేవాడు. ఆయన లేడన్న సంగతి, అన్ని తెరల వెలుగులో ఒక్కణ్ణే నిలబడ్డప్పుడు నాకు మళ్ళీ కొత్తగా తెలిసింది.

మాది ఖానాపూర్‌లో బట్టల దుకాణం. ఇరుకుగా, పొడుగ్గా, పట్టపగలు కూడా మసకగా ఉండేది కాబట్టి లోపల చూసి ఎవరూ కొనేవారు కాదు. ఉట్నూర్ వైపు నుంచి జీపుల్లో వచ్చినవాళ్ళు కూడా చీర పట్టుకుని గడప దాకా వచ్చి, ఎండలో పరిచి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాకే ధర మాట ఎత్తేవారు. ధర చెప్పడం బాపు పని, ఇంతకు తగ్గితే కొంప మునుగుతుందన్నట్టు మొహం పెట్టడం నా పని, గడప దగ్గర నిలబడి రంగు చూపించడం మా అక్క పని. ఏ చీరను ఏ వెలుతురుకు ఎటు వంచాలో ఆమెకు తెలిసినట్టు మాకెవరికీ తెలియలేదు. ఆమె అత్తవారింటికి వెళ్ళాక మా గిరాకీ తగ్గిందంటే అందులో అబద్ధం లేదు.

అక్కను చొప్పదండిలో వ్యవసాయం చేసే ఇంటికి ఇచ్చారు. పెండ్లికి ముందు బాపు కొత్త సరుకంతా ఆమె ముందు పోసి ఏది కావాలో తీసుకొమ్మంటే, ఒక నెమలికంఠం చీర ఏరి, గడపలో ఎండకు పట్టి చూసుకుంది. నిలువు పడుగు దారాలు నీలం, అడ్డం పేక దారాలు పచ్చ. నిలబడితే ఒక రంగు, కదిలితే ఇంకో రంగు. ఆ చీరలో దిగిన ఫోటో ఒక్కటే మాకు మిగిలింది, అదీ నలుపు తెలుపు. పెండ్లయిన కొన్నేళ్ళకే జ్వరం వచ్చి అక్క పోయింది. ఆ చీరే కట్టించి సాగనంపారు. పిల్లలు లేరు. బావ మళ్ళీ పెండ్లి చేసుకోలేదు, మా ఇంటికి రావడమూ మానలేదు. నేను కరీంనగర్‌కు మకాం మార్చాక కూడా, ధాన్యం అమ్మడానికి వచ్చినా ఎరువు కొనడానికి వచ్చినా, మా ఇంట్లో తిని, నా బేరాల మీద నాలుగు జోకులు వేసి గాని బస్సెక్కేవాడు కాదు.

తొంభైలలో కరీంనగర్‌లో మా బజారులో ఒక ఫోటో స్టూడియో వాళ్ళు కంప్యూటర్ తెచ్చి, పాత ఫోటోలకు రంగులు వేస్తామని బోర్డు పెట్టారు. అది చూసి మరుసటి వారమే బావ ఆ ఫోటోను తువ్వాలులో చుట్టుకుని వచ్చాడు. అందులో అక్క చెంప మీదికి అప్పటికే ఒక పసుపు మరక పాకుతోంది.

"మనిద్దరం పోతే ఆమె రంగుల ఎట్లుండెనో చెప్పేటోడు ఉండడు బామ్మర్దీ," అన్నాడు. ఆ మాట మీద నేను ధర కూడా అడగకుండా స్టూడియోకు నడిచానంటే, నన్నెరిగినవాళ్ళు నమ్మరు.

స్టూడియో ఆయన మమ్మల్ని నల్ల పరదాల గదిలో కూర్చోబెట్టి, మానిటర్ వేసి, అది వేడెక్కేదాకా రంగులు కుదురుకోవని చాలాసేపు ఆపాడు. గిరాకీని కదలనీయకుండా మేమూ చాయ్ తెప్పించేవాళ్ళం కనుక ఇదీ అలాంటిదే అనుకున్నాను. తెర దగ్గరికి మొహం పెట్టి చూస్తే ఎరుపు, పచ్చ, నీలం చుక్కలు తప్ప ఏమీ లేవు. మా దుకాణంలో ఒక్క పచ్చకే ఎన్నో పేర్లుండేవి. ఈ మూడిటితో లోకమంతా నడుపుతారంటే నాకు నమ్మకం కలగలేదు.

"ఎంత ఎల్తురో ఫోటోల ఉన్నది సేటూ. ఏం రంగు ఎల్తురో మీరే చెప్పాలె," అన్నాడు స్టూడియో ఆయన.

నేను పచ్చ అన్నాను. అదే క్షణంలో బావ నీలం అన్నాడు.

"నా పెండ్లం చీర నాకు తెల్వదా?"

"ఆ చీర మా దుకాణంలది బావా. గడపల ఎండకు నేను చూసిన."

"నువ్వు అమ్మేటందుకు చూసినవు. నేను ఆమెను చూసిన."

రంగు మీద తగవు వస్తే దుకాణంవాడు చేసేదే చేశాను: ఎండలో పెట్టి చూద్దాం, అప్పుడే తేలుతుంది అన్నాను. బావకూ అది న్యాయంగానే తోచింది. స్టూడియో ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా, బియ్యం బస్తా అంత బరువున్న ఆ మానిటర్‌ను చెరోవైపు పట్టి, తీగ సాగినంత మేర గడప దాకా మోసుకొచ్చాము.

ఎండ పడగానే తెర బూడిదైపోయింది. నీలమూ లేదు, పచ్చా లేదు, అక్క మొహం కూడా లేదు. తెర అద్దంలో మేమిద్దరమే కనిపించాము, చెవుల దగ్గర తెల్లబడిన ఇద్దరు మగవాళ్ళు, మధ్యలో ఎవరూ లేరు.

"పోయింది గదరా," అన్నాడు బావ, మెల్లగా.

"చీరకు ఎండ కావాలె, దీనికి నీడ కావాలె," అని స్టూడియో ఆయన వెనకనుంచి విసుక్కున్నాడు. "ఇది తనే దీపం. దీపం తెచ్చి ఎండల పెడితే ఏం కానొస్తది? జర లోపలికి తెండ్రి."

మానిటర్‌ను మళ్ళీ లోపలికి మోసి బల్ల మీద పెట్టాము. పొలం నుంచి వచ్చేసరికి పొద్దుగూకేదని, ఆ వేళ ఆమె వాకిట్లో నిలబడి ఉండేదని బావ తనలో తాను అనుకున్నట్టు చెప్పాడు. పొద్దుగూకే వేళ పచ్చ వెనక్కిపోయి నీలం పైకి లేస్తుందని బట్టలవాడిగా నాకు తెలుసు. నేను చూసింది మధ్యాహ్నపు చీర, ఆయన చూసింది సాయంత్రపు చీర. తెలిసీ ఒప్పుకోలేదు, బేరానికి దిగాను. ఆయన జర నీలం పెంచమంటే నేను జర తగ్గించమంటూ, చివరికి ఇద్దరికీ సగం సగం నచ్చిన ఒక రంగు దగ్గర ఆగాము. కాగితం మీదికి వచ్చేసరికి అది ఇంకొంచెం చప్పబడింది. రంగు తగ్గిందని బేరమాడి ధర కూడా తగ్గించాను.

ఆ తరువాత బావ ఎప్పుడొచ్చినా చెప్పులు విడుస్తూనే, "ఎంత కొట్లాడినా అది నీలమే బామ్మర్దీ," అనేవాడు. నేను పచ్చ అనేవాణ్ణి. ఇద్దరు మగవాళ్ళం పోయిన మనిషి గురించి ఇంకెలా మాట్లాడుకోవాలో తెలియక అలా మాట్లాడుకున్నామని, ఆయన కూడా పోయాక గాని నాకు అర్థం కాలేదు.

కొత్త మానిటర్‌ను ఇంటికి తెచ్చి, కిటికీ పరదా వేసి, అందులో ఆ రంగులు వేసిన అక్క ఫోటో పెట్టాను. ఇది వేడెక్కాల్సిన పని లేదు, గదిలో వెలుతురును బట్టి తనే సర్దుకుంటుందట, రంగును కొలిచే పరికరాలు కూడా వచ్చాయట. ఇచ్చిన రంగును అది వెంట్రుకవాసి తేడా లేకుండా చూపిస్తోంది. కళ్ళు మూసుకుని గడపలో అక్కను తలుచుకుందామంటే, అక్కడా ఆ బేరమాడిన రంగే వస్తోంది. నా పచ్చ ఎక్కడ పోయిందో పోయింది. కాదనడానికి ఈ గదిలో ఎవరూ లేరు.

ఇప్పుడు బావ వచ్చి పక్కన కూర్చుంటే ఒక్క మాట ఆడకుండా మొత్తం నీలమే ఒప్పుకుంటాను. నేను ఒప్పుకుంటే ఆయన ఊరుకోడు. తెర వైపు కొంతసేపు చూసి, "లేదు, జర పచ్చ కూడా ఉండె," అంటాడు.