వానకు చెరగని గీత

ఎక్కడైనా గోడకు సున్నం వేస్తుంటే ఆ తడి వాసనకు నాకు మా ఊరి బయటి విమానాల మైదానం గుర్తొస్తుంది. యుద్ధకాలంలో అక్కడ పైలట్లకు శిక్షణ ఇచ్చేవారు. అమ్మ కూలికి వెళ్లి, విమానాలు దిగే దారికి సున్నప్పొడితో గీతలు పోసేది. నాన్న పటాలంలో చేరి బర్మా వెళ్లాడు.

"ఆ గీతలెందుకమ్మా?"

"అయ్యి కనపడితేనే ఇమానం దిగుద్దే."

మర్నాడు వాకిట్లో ముగ్గు మానేసి, ఇంట్లోని సున్నప్పొడితో సందు చివరిదాకా ఒకే తెల్ల గీత పోశాను. అమ్మ చూసి, గీత తొక్కకుండా పక్కగా నడిచి కూలికి వెళ్లింది. సాయంత్రం జడివాన కురిసింది. పొద్దున లేచేసరికి గీత అలాగే ఉంది.

"చెరగలేదేందమ్మా?"

"పిడుగురాళ్ల సున్నం. చానా గట్టిదే."

వానాకాలమంతా గీత ఉంది. నాన్న రాలేదు.

సున్నప్పొడి ఒక్క వానకు కూడా నిలవదు. ఎన్ని తెల్లవారుజాముల్లో ఒక్కతే వంగి ఆ గీత పోసిందో అడుగుదామంటే, ఇప్పుడు అమ్మ లేదు.