తూర్పు ముఖం కుర్చీ

2003 మార్చిలో నేను గుత్తి దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆప్తాల్మిక్ అసిస్టెంటుని. చూపు కొలవడం, అద్దాల నంబరు రాయడం, శుక్లాలున్నవాళ్ళను ఆపరేషన్‌కు పంపడం మా పని. డాక్టరుకు కింద, నర్సుకు పక్కన, ఎవరికీ గుర్తుండని హోదా.

ఒకరోజు పక్క మండల కార్యాలయం సూపరింటెండెంటు, అక్కడ కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటర్ సుజాతను వెంటబెట్టుకొని వచ్చాడు. ఏ పొలం ఎవరి సాగులో ఉందో చెప్పే అడంగళ్ళను ఆమె కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. సర్వే నంబర్లు తారుమారై ఒకరి పొలం ఇంకొకరి పేరుకెక్కింది. రైతులు ఆఫీసు మీద పడ్డారు.

"ఈ పిల్లకు కళ్ళు ఆనవమ్మా. పనికిరాదని రాసిస్తే నెలాఖరుకు వేరేవాళ్ళను పెట్టుకుంటాం," అన్నాడాయన. నేను పరీక్ష చేయకముందే ఫలితం తెచ్చిన ఘనుడు.

ఆరు మీటర్ల దూరంలో అక్షరాల పట్టిక పెట్టి చూశాను. రెండు కళ్ళూ ఆరు బై ఆరు, అంటే నిక్షేపమైన చూపు. దగ్గరి చూపూ బాగుంది. కళ్ళు మాత్రం ఎర్రగా, పొడిగా ఉన్నాయి.

"పొద్దున బాగుంటాది మేడం. మద్యాన్నమైతే అంకెలు అలికినట్ల కనపడతాయి. ఈ పని పోతే మా నాయనకు ఏమని చెప్పాల?" అంది సుజాత.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి ఆ ఆఫీసుకు వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. పిలిచేదాకా ఆగే అలవాటు నాకు లేదు. కంప్యూటర్‌ను ఎత్తు పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టారు. తల ఎత్తి చూస్తే కన్ను మరీ విచ్చుకుని తడి త్వరగా ఆరిపోతుంది. యంత్రం వేడెక్కకూడదని పెట్టిన ఫ్యాను గాలంతా ఆ పిల్ల మొహానికే. ఆమె వెనక పడమటి కిటికీ. ఎండ కంప్యూటర్ తెర మీద పడి అంకెలు వెలిసిపోయాయి.

బల్ల తిప్పమన్నాను.

"కుర్చీ తూర్పు మొగమే ఉండాల. వాస్తు చూసి పెట్టించినాం. కంప్యూటర్‌కు మంచిది," అన్నాడు సూపరింటెండెంటు.

"పిల్ల తూర్పుకు చూస్తాంటే కంప్యూటర్ పడమరకు చూస్తాండాది గదప్పా. వాస్తు ఎవరికి చూసినారు?"

గుమాస్తాలు ఫైళ్ళలో తల దూర్చారు. నేను అక్కడే కూర్చుని రాశాను: చూపులో లోపం లేదు. కిటికీ ఆమెకు వెనక కాక పక్కన ఉండేలా బల్ల తిప్పాలి. పీట తీసి, తెర పైఅంచు కంటి మట్టానికి మించకుండా పెట్టాలి. ఫ్యాను పక్కకు జరపాలి. ఇరవై నిమిషాలకోసారి కాసేపు దూరంగా చూడనివ్వాలి.

"దూరం చూసేదానికి జీతమా?" అన్నాడాయన.

"దినమంతా దూరం చూసి జీతం తీసుకునేటోళ్ళు ఈడనే నలుగురు ఉండారు. ఈ కాగితాన్ని మీరు పై ఆఫీసుకు పంపకపోతే నేనే పంపుతా."

మర్నాడే బల్ల తిరిగింది. రెండు వారాల తర్వాత మధ్యాహ్నం ఎక్కించిన పేజీలను పాత రికార్డుతో సరిచూశారు. సర్వే నంబర్లు సరిపోయాయి. సుజాత కాంట్రాక్టు పొడిగించారు. తప్పు తనదేనని ఆయన ఎవరితోనూ అనలేదు. నేనూ ఆశించలేదు.

పట్టిక ముందు నిలబెట్టి కొలిచేది కంటిని మాత్రమే. అది పనిచేసే చోటు చూడకుండా పనికిరాదని పెట్టే సంతకం వైద్యం కాదు, బద్ధకం. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా అలాంటి కాగితం ఎవరి మీద అడిగినా, ముందు ఆ మనిషి కూర్చునే చోటికి వెళ్ళి చూశాకే కలం తీశాను.