ఉర్దూ లెక్కల పుస్తకం

పదమూడేళ్ల మా అమ్మాయిని అందరి పిల్లల మధ్య కూర్చోబెట్టడం ఇష్టంలేక ఇంట్లోనే చదివించేవాణ్ని. ఆమె కోసం నల్లగొండలో వెతికి, చిన్నప్పుడు నైజాం కాలపు బడిలో నేను చదివిన ఉర్దూ లెక్కల పుస్తకమే కొన్నాను. రామన్నపేట బస్సులో పక్కనున్న రైతు దాన్ని చూశాడు.

"ఇప్పుడు బడిల అంత తెలుగే గద దొరా. బిడ్డకు గిదెట్ల పనికొస్తది?" అంటూ సంచిలోంచి తెలుగు లెక్కల పుస్తకం తీశాడు. "మా పిల్ల చదివిందే. అక్క బిడ్డకని తీస్కపోతున్న. మీరే ఉంచుకోండ్రి, ఆమెకు ఇంకోటి చూస్త."

"ఒకరు చదివినయి మా ఇంట్ల ముట్టరు," అన్నాను.

అతను అట్టమీది దుమ్ము తువ్వాలుతో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"బాపూ, తెలుగుల దొరకలేదా?" అని ఇంట్లో అమ్మాయి అడిగింది.

"దొరకలేదు బిడ్డా."

ఆమె నమ్మింది. తనకు సరిగా రాని ఆ లిపిమీద వేలుపెట్టి, కుడినుంచి ఎడమకు కూడబలుక్కోవడం మొదలుపెట్టింది.