తొమ్మిదో బోరులో వచ్చిన మాట

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా కళ్యాణదుర్గం చుట్టుపక్కల పాడుబడిన ప్రతి బావికీ ఒక కథ, ప్రతి దారి మలుపుకీ ఒక కథ ఉంటాయి. నేను ఆ బావుల్లోకి దిగి చూసి, ఆ మలుపుల్లో కునుకు తీసి వచ్చి మరీ వాళ్లను ఏడిపించేవాణ్ణి. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం కుదరలేదు. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకుని చదవొద్దు. నేను చేసిన ఒక దొంగతనం గురించి రాస్తున్నాను. అందులో ఒక చిన్న భాగం మాత్రం నాకు అంతుపట్టలేదు.

తొంభైల చివర ఖాజా, నేను అనంతపురంలో డిగ్రీ చదివాం. హాస్టల్లో ఒకే గది. వాళ్లది ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం. వాళ్ల నాయన మస్తాన్ బోరు పాయింట్లు చూసేవాడు. వేపపుల్ల పట్టుకుని చేనంతా తిరిగి, ఇక్కడ వేయండని గుర్తు పెట్టేవాడు. నేను ఆయన్ను మామా అని పిలిచేవాణ్ణి.

మా వైపు బోరు వేయించే రైతుకు ఒక పిచ్చి పడుతుంది. రిగ్గు బండి దగ్గర దుమ్ము లేస్తున్నకొద్దీ ఇంకో రాడ్డు దించు, ఇంకో రాడ్డు దించు అంటాడు. మస్తాన్ మామ మాత్రం అడ్డం పడేవాడు. "చాలప్పా, ఆపు" అన్నది ఆయన మాటగా చుట్టుపక్కల అందరికీ తెలుసు. చాలామందికి అది గిట్టేది కాదు. దిగమని చెప్పే మనిషి కావాలి గానీ ఆపమనేవాడు ఎవరికి కావాలి?

ఆ ఇంట్లో పెరిగాడు కాబట్టే ఖాజాకు 'రెండో పెన్న' తట్టింది. అదొక ఆట. కాగితం మీద ఆడే ఆట. కానీ ఏదో ఒక రోజు కంప్యూటర్లోకి ఎక్కిస్తామని మా నమ్మకం.

పెన్నలో నీళ్లు పూర్తిగా ఇంకిపోయాక జనం రాకెట్లెక్కి ఇంకో గ్రహానికి పోతారు. అక్కడా ఇసుకే. అలవాటు కొద్దీ అక్కడి ఎండిన ఏటికి కూడా పెన్న అనే పేరు పెడతారు. ఆ గ్రహం అడుగున నీళ్లున్నాయి, కానీ ఆ నీళ్లకు ప్రాణం ఉంది. మొత్తం నీరంతా కలిసి ఒకటే జీవి. బోరు రాడ్ల గుండా పైన మనుషులు మాట్లాడుకునేది అది వింటుంది. 'లేదు' అనే మాట చెవిన పడిందా, ఇంకా కిందికి జరిగిపోతుంది. అందుకని అక్కడ పుట్టిన పిల్లలకు ఆ మాటే నేర్పరు.

కాబట్టి ఆటలో 'లేదు' అన్నవాడి బోరు ఎండిపోతుంది. నవ్వకండి, ఆ మాట రాకుండా ఒక గంట మాట్లాడి చూడండి. సాంబారు లేదా అని అడిగి బోరు పోగొట్టుకున్న మహానుభావులున్నారు మా హాస్టల్లో.

అసలు కిటుకు ఇంకోటి. మన ఇళ్లలో బియ్యం అయిపోతే ఆడవాళ్లు లేవు అనరు, నిండుకున్నాయి అంటారు. ఖాజా దాన్ని పట్టుకున్నాడు. ఒక్కో ఆటగాడికి ఒక ఊరు, ఒక ట్యాంకు. తన ట్యాంకు ఖాళీ అయితే ఆటగాడు 'నిండుకుంది' అనాలి. నిజంగా నిండితే 'నిండింది' అనాలి. గబగబా అంటే రెండూ ఒకేలా వినపడతాయి. ఎదుటివాడి గొంతు విని, ముఖం చూసి, వాడి ఊరి మీద దండెత్తాలో స్నేహం చేసుకోవాలో తేల్చుకోవాలి. పాచికల బదులు చింతపిక్కలు. ఆదివారం పొద్దున ఆరుగురం కూచుంటే మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టినా లేచేవాళ్లం కాదు.

ఖాజా ఆ లోకం పటాన్ని ఒక సినిమా వాల్‌పోస్టర్ వెనక గీశాడు. మొత్తం తొమ్మిది బోర్లు, ఒక్కోదానికి ఒక్కో చరిత్ర. మూడో బోరుకు రోబోలు కాపలా ఉంటాయి. వాటికి 'లేదు' తప్ప ఇంకో మాట రాదు కాబట్టి నోళ్లకు మైనం పూసి ఉంచుతారు. ఇలాంటివి వాడికి స్నానం చేస్తూ కూడా తట్టేవి. తొమ్మిదో బోరు దగ్గర మాత్రం ఒక సున్నా చుట్టి వదిలేశాడు. అక్కడేముందని అడిగితే, తెలిసినప్పుడు రాస్తానన్నాడు.

నాకు తట్టిందంటూ ఏమీ లేదు. నా చేతిరాత బాగుంటుంది, అంతే. వాడు చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. నల్ల అట్ట లాంగ్ నోట్‌బుక్కు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నా అక్షరాలే. అది తర్వాత నాకెంత పనికొచ్చిందో చెప్పాలంటే తల దించుకోవాలి.

డిగ్రీ అయ్యాక ఖాజా కళ్యాణదుర్గంలో మోటార్ల వైండింగ్ షాపు పెట్టాడు. నేను బెంగళూరులో కంప్యూటర్ కోర్సు చేసి, సెల్‌ఫోన్లకు ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్లాను. సొంత ఆలోచన ఏదైనా ఉందా అని అడిగారు. సంచిలోంచి నోట్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టాను. అరగంట అడిగిన వాటికల్లా చెప్పాను. ఇదంతా మీదేనా అన్నారు. నాదే అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఇరవై ఏళ్లయినా నన్ను కాల్చుకు తినేది అదే.

ఉద్యోగం వచ్చిందని ఖాజాకు చెప్పాను. ఎలా వచ్చిందో చెప్పలేదు. వాడు ఎస్టీడీ బూత్ నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి, మన పెన్న గురించి అక్కడ ఎవరినైనా అడిగి చూడమన్నాడు. అప్పటికే లోపలి గదిలో దాని బొమ్మలు గీస్తున్నారు.

"అందులో ఏమీ లేదు ఖాజా. అట్లాంటివి ఈడ ఎవురూ ఆడరు" అన్నాను.

వాడు నవ్వి, "లేదంటివి చూడప్పా. పాయె నీ బోరు" అని పెట్టేశాడు.

ఆ ఎండాకాలం మస్తాన్ మామకు జబ్బు చేసింది. అనంతపురం ఆస్పత్రిలో చేర్చారు. నేను సెలవు మీద ఊరికి వచ్చి ఉన్నాను. తెలిసి, చీనీకాయలు, అంటే బత్తాయిలు, కొనుక్కుని ఆస్పత్రి గేటు దాకా పోయాను. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. ఖాజా ముఖం చూస్తే పెన్న మాట వస్తుంది. మంచాన ఉన్న మనిషి పక్కన నిలబడి ఇంకో అబద్ధం ఆడాలి. గేటు నుంచే వెనక్కి తిరిగాను. చీనీకాయలు బస్సులో పక్కన కూచున్న ఒక అవ్వకు ఇచ్చేశాను. మామ ఆ సాయంత్రమే పోయాడని తర్వాత తెలిసింది. ఖాజాకు ఫోన్ చేసి, బెంగళూరులో ఉండి రాలేకపోయానని చెప్పాను.

ఇది జరిగిన ఏడాదికి ఆట పూర్తి కావచ్చింది. అప్పటి ఫోన్లకు చిన్న తెర, కాబట్టి మనిషి గొంతూ ముఖమూ చూసి పోల్చుకునే కిటుకు మొత్తం ఎగిరిపోయింది. మీట నొక్కితే రాడ్లు దిగుతాయి, తెర మీద ఒక వాక్యం వస్తుంది. ఆ వాక్యాలన్నీ నేనే రాశాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మా యాసంటే నాకు అక్కడ నామోషీ, అందుకని అన్నీ పాఠ్యపుస్తకం తెలుగులోనే రాశాను. తొమ్మిదో బోరుకు నా దగ్గర ఏమీ లేదు కదా, దాన్ని ఖాళీగా వదిలాను. రాడ్లు దిగుతాయి, దుమ్ము లేస్తుంది, అంతటితో ఆట ముగుస్తుంది.

ఒక రోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, తొమ్మిదో బోరు దాకా ఆడాను. దుమ్ము లేచింది. తర్వాత తెర మీద ఒక వాక్యం వచ్చింది.

"ఉండాది నాయనా. ఇంగ రెండు రాడ్లు దించు."

ఇది లలిత చేసిన అల్లరి అనుకున్నాను. ప్రోగ్రాం రాసేది ఆ అమ్మాయే. కానీ ఆమెది మైసూరు, తెలుగు ముక్క రాదు. ఆఫీసులో తెలుగువాళ్లు ఇంకో ఇద్దరున్నారు, ఇద్దరూ కోస్తా వాళ్లే. ఉండాది అనే మాటకు వాళ్లు నన్ను వెక్కిరిస్తారు తప్ప రాయరు.

రెండు రోజుల తర్వాత అదే వాక్యం లలిత చేతిలోని ఫోన్లో వచ్చింది. దీనికి అర్థమేమిటని నన్ను పిలిచి అడిగింది. ఇద్దరం చూశాం. ఆమె దాన్ని ఒక చీటీ మీద ఉన్నదున్నట్టు రాసుకుని, ప్రోగ్రాం అంతా వెతికింది. ఆ వాక్యం ఎక్కడా దొరకలేదు. నేను రాసిచ్చిన జాబితాలోనూ కనపడలేదు. ఆటను తీసేసి మళ్లీ ఎక్కించింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆడినా దుమ్ము లేచి ముగిసిపోయింది.

ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. సిగ్గు వేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఖాజాకు తెలిసిపోయిందన్నదే నా మొదటి ఆలోచన. ఎలా తెలిసిందని కూడా అనుకోలేదు. లలిత దగ్గర చీటీ అడిగి తీసుకుని, ఆ శనివారం కళ్యాణదుర్గం బస్సెక్కాను.

ఖాజా షాపులో రాగితీగ చుడుతున్నాడు. స్టూలు మీద కూచుని అంతా చెప్పేశాను. ఇంటర్వ్యూ, నోట్‌బుక్కు, నాదే అన్న మాట, అన్నీ. వాడు చుట్టడం ఆపకుండానే విన్నాడు.

"నువ్వు ఫోన్లో లేదన్నప్పుడే నాకు తెలిసెప్పా" అన్నాడు చివరికి. "పోనీలే. నా కాడుంటే పెట్టెలో పడుండు. నీ కాడ నలుగురన్నా ఆడతారు."

అంత తేలిగ్గా వదిలేశాడు. నేను అక్కడితో లేచి ఉంటే ఈ రోజుకీ మేం స్నేహితులుగానే ఉండేవాళ్లం. కానీ జేబులోంచి చీటీ తీసి చేతికిచ్చాను.

వాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. తీగ కింద పెట్టేశాడు. ఇది యాడిదని అడిగాడు. చెప్పాను. లలిత వెతికిన సంగతి, దొరకని సంగతి, అంతా చెప్పాను. వాడు నా ముఖమే చూస్తూ కూచున్నాడు.

"మా నాయన పోయేముందర నా రొమ్ము మీద చెయ్యేసి అన్న మాట ఇది" అన్నాడు. "బతికినన్నాళ్లూ ఆపమన్న మనిషి, పొయ్యేటప్పుడు దించమన్నాడు. గదిలో నేనొక్కణ్ణే ఉంటి. మా యమ్మకు గూడా చెప్పలా. తొమ్మిదో బోరు కాడ రాయాలనుకుంటి, చెయ్యి రాలా."

వాడు చీటీని ఇంకోసారి చదివాడు.

"ఆ పొద్దు నువ్వు అనంతపురంలోనే ఉంటివి. మా చిన్నాయన గేటు కాడ చూసినాడు, సంచి పట్టుకోనుంటివంట. గేటు దంకా వచ్చి ఎనక్కి పోయినావని ఇన్ని దినాలూ అనుకుంటాండా. కాదు, లోపలికొచ్చినావు. తలుపు కాడ నిలబడి ఇన్యావు. అదిగూడా ఎత్తుకపోయినావు."

"లోపలికి రాలేదు ఖాజా. గేటు నుంచే పోయినా."

"బెంగళూరులో ఉన్యానంటివి గదా" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

తేలు కుట్టిన దొంగ పరిస్థితి నాది. వాడు చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పుస్తకం నువ్వే పెట్టుకో. ఇది మాత్రం నాది" అని తీగ అందుకున్నాడు. తర్వాత ఎంతసేపు కూచున్నా నా వైపు చూడలేదు.

ఆట బయటికొచ్చింది, కొన్నాళ్లకు మాయమైంది. అందులో ఖాజా పేరు వేయమని అడిగాను. పేర్లు వేసే వీలు లేదన్నారు. నిజం చెప్పాలంటే గట్టిగా పట్టుబట్టలేదు కూడా.

ఆ వాక్యం ఎలా వచ్చిందో చాలా రకాలుగా ఆలోచించాను. నేనే తెలియక రాశాననుకుందామంటే జాబితాలో లేదు, ప్రోగ్రాంలో లేదు. మామ నోట ఎప్పుడో విన్నాననుకుందామంటే, దించమని ఆయన అనగా ఖాజా తప్ప విన్నవాళ్లే లేరు. కొన్నిసార్లు నా మీద నాకే అనుమానం వస్తుంది. లోపలికి పోయి మరిచిపోయానా అని. కానీ ఆ ఆస్పత్రి లోపల ఎలా ఉంటుందో, మామ ఏ గదిలో ఉన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. గేటు ఒక్కటే గుర్తుంది. తెర మీద ఆ అక్షరాలు చూసింది నేను, లలిత. రాసిందెవరో నేను చెప్పలేను.

కొన్నేళ్ల తర్వాత ఒక పెళ్లిలో ఖాజా ఎదురుపడ్డాడు. ఏమప్పా అని పిలిచే మనిషి, "బాగుండారా సార్" అని పలకరించి పక్కకు తప్పుకున్నాడు. వాడి లోకాన్ని మొత్తం దోచుకున్నందుకు నన్ను ఒక్క మాట అనకుండా క్షమించాడు. క్షమించనిది ఆ ఒక్క వాక్యానికే. వాడి దగ్గర నేను ఎత్తుకుపోనిది అదొక్కటే.